గాజు సీసాల్లో కరెంటు

రేడియో అత్తకి మతి చలించిందని ఆ మేడలోని వాటాలవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. మేనకోడలు మాత్రం ఆ మాట ఎవరన్నా ఊరుకునేది కాదు. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసింది ఆ మేనత్తే, రేడియోలు బాగుచేసిన సంపాదనతో. రేడియోలు మూలపడ్డాక, చేతులు ముడుచుకుని కూర్చోలేక, గాలిలోంచి కరెంటు పిండుతానని ఆవిడ డాబా ఎక్కింది.

నీళ్ళ ట్యాంకు మీదినుంచి మెట్లగది కప్పుదాకా పొడవాటి రాగితీగ లాగింది. దాని కొసను గాజు సీసాల వరుసకు కలిపింది. సీసాలకి లోపలా బయటా పల్చటి రేకు అంటించింది. పక్కన ఖాళీ అయిపోయిన చిన్న బ్యాటరీ పెట్టింది.

"ఉన్ని చొక్కా విప్పుతుంటే చిటపటమంటుందే, ఆ కరెంటే ఇది. గాలినిండా ఉంది. తీగ పట్టిస్తుంది, సీసాలు దాస్తాయి, నిండగానే బ్యాటరీలోకి దూకుతుంది," అనేది.

"ఎంత వెలుగొస్తుందత్తా?"

"ముందు రానీవే తల్లీ, అప్పుడే లెక్కలా!"

నెలలు గడిచినా ఏమీ రాలేదు. సిటీ బస్సు నడిపి అలసి వచ్చిన మేనకోడలు ఆ తీగమీద తడిబట్టలు ఆరెయ్యబోయి చీవాట్లు తినడం ఒక్కటే జరిగింది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, మబ్బు తునక కూడా లేని ఎండలో, ఉన్నట్టుండి పొడిగాలి దుమ్మెత్తుకుంటూ విరుచుకుపడింది. డాబా తలుపు మూసేద్దామని పైకెళ్ళిన మేనకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. తీగ బుసకొడుతోంది. ఆమె చేతులమీది వెంట్రుకలు వాటంతటవే లేచి నిలబడ్డాయి. సీసాలకీ బ్యాటరీకీ మధ్య నీలిరంగు రవ్వ టప్పుమని దూకింది. మళ్ళీ దూకింది.

"వచ్చిందే! దొరికిందే!" అత్త చంటిపిల్లలా గంతులేస్తోంది.

"నా పైప్రాణాలు పైనే పోతున్నాయి, ఇవతలికి రా అత్తా!"

"ఉండవే, ఇంకాస్త ఎక్కనీ."

అంతలో గాలి విసురుకు చివరి సీసా ఒరిగింది. పొయ్యిమీంచి జారిపోతున్న గిన్నెను పట్టుకున్నట్టు, ఆలోచన లేకుండా అత్త చెయ్యి చాచింది.

తలుపు ధడాలున వేసినట్టు ఒక చప్పుడు. అత్త అలాగే వెనక్కి పడిపోయింది.

మేనకోడలు కొయ్యబారిపోయింది. అత్త చెప్పు ఒకటి కాలికి లేదని చూసింది. అదెక్కడ పడిందా అని కళ్ళు వెతికాయి. అంత నిండు బస్సును చీమలబారులాంటి రోడ్డుమీద నడిపే మనిషికి, నాలుగడుగులు వెయ్యడానికి కాళ్ళు రాలేదు. ముట్టుకుంటే తనూ పోతుందేమో. ఆ భయం అరుపై బద్దలయింది. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి తీగను ఒక్క దెబ్బకి తెంపేసింది.

నాడి దొరకలేదు. డ్రైవర్ల శిక్షణలో రబ్బరు బొమ్మ మీద నేర్పినట్టు, రెండు చేతులూ పేర్చి అత్త గుండెల మీద అదిమింది. అరచేతి కింద ఏదో పెటుక్కుమంది. పక్కటెముక! ఒళ్ళు జలదరించినా ఆపలేదు. కేక విని పరుగెత్తుకొచ్చిన కింది వాటా దర్జీ అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా, అత్త గుర్రుమంటూ ఊపిరి లాగింది.

అత్తను ఆస్పత్రిలో చేర్చి, ఇక ప్రమాదం లేదని డాక్టర్లు అన్నాక, మేనకోడలు డాబామీది సామానంతా పారెయ్యడానికి వెళ్ళింది. పారేసేముందు ఎందుకో ఆ బ్యాటరీకి గోరంత బల్బు తగిలించింది. వెలగలేదు. వైర్లు తిప్పి పెట్టింది, గీకి పెట్టింది. కనీసం ఎర్రబడనైనా లేదు. మనిషిని పడగొట్టిన పిడుగు ఈ బల్బును కదపలేకపోయిందా? నమ్మలేక దాన్నే చూస్తూ చతికిలబడింది.

ఆ మాటే ఆస్పత్రికి వెళ్ళి చెప్పింది. కాలినచోట కట్టుకట్టిన చేతిని పొట్టమీద పెట్టుకున్న అత్త కళ్ళార్పకుండా వింది.

"అస్సలు వెలగలేదా?"

"లేదత్తా."

"దూకే ధాటి ఉంది, నిలిచే సరుకు లేదన్నమాట. సీసాలు ఇంకాస్త పెద్దవైతే..."

"నువ్వు చచ్చిపోయావత్తా!" మేనకోడలి గొంతు వార్డంతా వినిపించింది. "నా చేతుల కింద చచ్చిపోయి ఉన్నావు. నీ పక్కటెముక విరగ్గొట్టింది నేనే."

  అప్పటిదాకా అత్తకు, పడిపోయావని మాత్రమే చెప్పారు. మంచంమీద ఆనించిన మేనకోడలి చేతులకేసి చూసింది. 

"మిగిలిన తీగ కూడా చుట్టి అవతల పారెయ్," అంది.

"పారేశాను."

"మంచి పని చేశావ్," అని అత్త గోడవైపు తిరిగి ఏడ్చింది. మేనకోడలు ఆ వీపుమీద చెయ్యి వేసి కూర్చుంది.