కుప్ర దీవి అనే నా సవతి

నా మొగుడు గిద్యోను యుద్ధం నుంచి తిరిగొచ్చి నెల కాలేదు, నా నెత్తిన సవతిని తెచ్చి కూర్చోబెట్టాడు. సవతి అంటే ఆడది కాదు, దీవి. మిలిటరీవాళ్ళు దాన్ని సైప్రస్ అంటారట. మా బైబిల్లో దాని పేరు కుప్ర. పౌలుగారూ బర్నబాగారూ ఓడెక్కి వెళ్ళిన చోటు. ఈయన అక్కడ పటాలంలో కంచరగాడిదలు తోలాడు. మట్టిబొమ్మయినా సవతి సవతే అంటారు, మరి నా సవతికి చుట్టూ సముద్రం కూడా ఉందాయె!

పొద్దుగూకితే చాలు, తర్లుపాడు దగ్గరి మా పల్లెలో ఉన్న క్రైస్తవులంతా మా వాకిట్లోనే. కరుణాకరం పాస్టరుగారయితే ఈయన్ని చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకునేవారు.

"లాజరు సమాధి చూసినా అయ్యగారూ. ప్రభువు లేపినంక ఆయన ఆ దీవికే పోయి బతికినాడంట. సమాధి మీద గుడి కట్టినారు. లోపల గోడలనిండా బంగారుపూత పటాలే" అనేవాడు ఈయన.

అందరూ "స్తోత్రం" అనేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాలుగేళ్ళు ముసలి అత్తను పెట్టుకుని ఇల్లు ఈదుకొచ్చాను. ఒక్కరయినా నన్ను చూసి స్తోత్రం అన్నారా?

పొరపాటున నేను నల్లమల మాట ఎత్తితే, "ఆ దేశం కొండల ముందు మన నల్లమల ఏ మూలకే? పైన మంచు, కింద నీలంగా సముద్రం" అనేవాడు. జొన్న సంకటి ముందు పెడితే ఇంకా ఘోరం. వేలితో ముద్దను అటూ ఇటూ తిప్పి కథ మొదలుపెట్టేవాడు.

"అక్కడ మేకపాల జున్నును పెనం మీద ఎర్రగా కాలుస్తారు. పైన ఒలీవ నూనె పోస్తారు. అబ్బ! ఆ రుచి ఇంకా నాలుక మీద్నే ఉంది."

"ఎవరు కాల్చి పెట్టినారో?"

"మరియమ్మ. రొట్టెల దుకాణం ఆమె."

"వయసెంత?"

"ఏమో, నేనడగలేదు."

"అడగాల్సిన పనేముందిలే, కండ్లున్నాయి గదా!"

మా అత్త విజయమ్మ ముసిముసిగా నవ్వింది. "గాడిదలు తోలేటోనికి మరియమ్మ పడుతుందా ఏమే? ఊరికే కుళ్ళుకోబాకు" అంది. కుళ్ళుకోక ఏం చేయను? పడుతుందో పడదో చూడడానికి నేనేమయినా కుప్రకు పోయొచ్చానా?

అంతటితో పోయినా బాగుండేది. ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు గుడి నుంచి వస్తూ దారిలోనే బాంబు పేల్చాడు.

"ఈస్టరు కాంగానే నేను బొంబాయి పోయి ఓడెక్కుతా. మా పటాలం దొర ఆ దీవిలో తోటలు కొన్నాడు. గాడిదలు చూసుకోడానికి రమ్మన్నాడు. రెండేండ్లే."

నా కాళ్ళు ఆగిపోయాయి. పోయినసారి యుద్ధం ఈడ్చుకుపోయింది, సరే. ఈసారి తనంతట తానే పోతున్నాడు. ఆ సవతి పిలిస్తే చాలు, పరుగే. నేను ఏడవలేదు. అక్కసుతో ఆయన్ని దారిలోనే వదిలి ఇంటికి నడిచాను.

ఆ సాయంత్రం పాస్టరుగారు వచ్చి కూర్చుని, "ఆ దేశంలో నువ్వు తిన్నవాటిల్లో అన్నిటికన్నా మేలైనదేంది గిద్యోనూ?" అని అడిగారు.

ఈయన కళ్ళు మూసుకున్నాడు. "ఒక పండు అయ్యగారూ. పైనంతా సన్నముండ్లు. మరియమ్మ కత్తితో తోలు ఒలిచి, చల్లనీళ్ళలో వేసి ఇచ్చేది. లోపల రక్తమంత ఎరుపు, నిండా గింజలు. సంతలో గంపలకు గంపలు అమ్ముతారు. ఆ చెట్టుకు ఆకుల్లేవు, రొట్టె మీద రొట్టె అతికించినట్ల ఉంటది. మన దేశంలో అట్లాంటి పండు యాడుంది?"

నేను లేచాను. పట్టకారు తీసుకుని దొడ్డి వెనక చేని గట్టుకు వెళ్ళాను. అక్కడ కంచెగా తప్ప ఎవరూ లెక్కచేయని నాగజెముడు పొదలో నాలుగు పండ్లు తెంపి, ఇసకలో రుద్ది ముళ్ళు రాల్చాను. చీల్చి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"తిను. ఇదేనా నీ మరియమ్మ పండు?"

కొరికాడు. మూతంతా ఎర్రబడింది. పిల్లాడిలా నవ్వాడు. "ఇదేనే! అచ్చం ఇదే! ఎవరు తెచ్చినారు?"

"దేవుడు తెచ్చినాడు. నువ్వు పోయినంక రెండేండ్లు వాన లేదు. కూలి లేదు. నువ్వు పంపిన రూపాయలకు గింజ దొరకలేదు. నేనూ మీయమ్మా ఇవే తిని బతికినాం. దూరాన ఉన్నోడికి ఆకలి మాట రాయించకూడదని అత్త ఒట్టు పెట్టించుకుంది. రైతుల ఇండ్లముందు పోవాలంటే మా ఎర్ర మూతులు చూసి నవ్వుతారని కొంగు అడ్డం పెట్టుకొని పోయేటోళ్ళం. నీకు అది పండు. మాకు అదే కూడు."

ఈయన చేతిలోని ముక్కను కింద పెట్టాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. "నిజమాయమ్మా?"

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాస్టరుగారు మెల్లగా, "మరి బొంబాయి ప్రయాణమెప్పుడు?" అన్నారు.

"పోను అయ్యగారూ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకా ఏం తిన్నారు కోటమ్మా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి నెలవుతుంటే, మా గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"పో, నేను చెప్పను" అన్నాను. కోపం ఇంకా తీరలేదు. అయినా చాప మీద ఆయన పక్కన కూర్చుని, మొదటి ఎండాకాలం నుంచి చెప్పడం మొదలుపెట్టాను.