జగ్గమ్మ కేక, అమ్ములు లాప్‌టాప్

సోనేపూర్‌లో పొద్దున్న పడవలు ఒడ్డుకి చేరే వేళకి జగ్గమ్మ గంజి వార్చేసి, గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని కేకేసేది. "ఒరే కాసులూ, బువ్వకి రారా!" అంతే. పక్కింటివాళ్ళకి అది మామూలు ముసలి గొంతే. ఆవిడ కడుపున పుట్టినవాళ్ళకీ, వాళ్ళకి పుట్టినవాళ్ళకీ మాత్రం, ఏ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగల మనిషికి, ఎంత దూరాన ఉన్నా ఆ కేక చెవి పక్కనే వినపడేది. వినపడ్డమే కాదు, విన్నవాడు చేతిలో పని చేతిలోనే వదిలేసి ఇంటి మొహం పట్టాల్సిందే. కావాలన్నా ఆగలేడు.

కాసులు వయసులో ఉన్నప్పుడు చెన్నై హార్బర్‌లో పనికి వెళ్ళాడు. ఓ రోజు కొడుకు ఊళ్ళో లేడన్న సంగతి మరిచిపోయి జగ్గమ్మ అలవాటుగా పిలిచింది. అక్కడ కాసులు ఐసు బుట్ట కింద పెట్టేసి, తిన్నగా స్టేషన్‌కి నడిచి, రైలెక్కేశాడు. మర్నాడు ఇంట్లో పీట మీద కూర్చుంటే, "ఇప్పుడా రావడం, కూర పాసిపోనాది" అని తల్లి తిట్టింది. అప్పట్నుంచీ బోటు ఓనర్లు ఆ ఇంటి మగాళ్ళని పనిలో పెట్టుకునే ముందు ఒక్కటే అడుగుతారు. "మీ ముసల్దానికి సెప్పే వస్తన్నావా?"

అలాంటి జగ్గమ్మ కొన్ని నెలలుగా మనవడి పేరు నోటెంట రానివ్వడం లేదు.

మనవడు అమిత్ వెళ్ళిన బోటు గాలివానకి కొట్టుకుపోయి సరిహద్దు గీత దాటింది. అవతలి దేశం వాళ్ళు బోటుతో సహా పట్టుకుపోయారు. ఆ కబురు తెలిసిన రోజునే మనవరాలు అమ్ములు నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనమ్మా, అన్నని మాత్రం పిలవకే. నువ్వు పిలిస్తే ఆడు లేసి నడిసేస్తాడు. అక్కడ గేటు కాడ తుపాకులుంటాయి."

జగ్గమ్మ ఒట్టేసింది. ఆ రోజు నుంచీ కంచం ముందు కూర్చున్నప్పుడల్లా గొంతులోకి వచ్చిన పేరుని నీళ్ళతో మింగేసి లేచిపోతోంది. సగం మనిషి అయిపోయింది పాపం.

ఇప్పుడు ఆ దేశంలో ఉన్న మన ఎంబసీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ రోజు పదింటికి వీడియోలో అక్కడి ఖైదీలని చూపిస్తారు. ఇంటివాళ్ళు గుర్తుపట్టి, ఆ మనిషి కూడా అవునంటే, విడిచిపెట్టినవాళ్ళని ఇంటికి తెచ్చే ఓడ జాబితాలోకి పేరు ఎక్కుతుంది. ఎక్కనివాళ్ళ సంగతి మళ్ళీ ఎప్పుడో, ఎవరికీ తెలీదు. ఆఫీసు వాళ్ళు పంపిన లింకు ఫోన్లో తెరుచుకోదు, కంప్యూటర్‌లోనే తెరవాలి. దానికేముంది, అమ్ములుకి లాప్‌టాప్ ఉంది. బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు అమిత్ కొనిపెట్టిందే అది.

ముందు రోజు సాయంత్రం వల బాగు చేసుకుంటూ కాసులు కూతురితో అన్నాడు. "పడవ దించే ముందు అడుగంతా సూసుకుంటాం కదే. రేపటికి నీ మిసను కూడా ఓసారి సూసుకో."

అమ్ములుకి ఆ మాట నచ్చింది. లాప్‌టాప్ తెరిస్తే, కొత్త సిస్టమ్ వచ్చింది, ఎక్కించుకోమంటూ వారం నుంచీ విసిగిస్తున్న ఆ డబ్బా మళ్ళీ వచ్చింది. పాతదాంతో రేపు ఎక్కడైనా ఆగిపోతే? చిల్లు ఉందని తెలిసీ పడవ దించుతామా? "ఇప్పుడే" అన్న చోట నొక్కేసింది. ఒడ్డున పుట్టిన పిల్ల కాబట్టి అలా నొక్కింది. ఇంకెవరైనా అయితే, నడుస్తున్నదాన్ని నడవనిచ్చి ఊరుకునేవారు.

పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేసరికి రంగులన్నీ కొత్తగా, చక్కగా ఉన్నాయి. కింద మూలన వై-ఫై గుర్తు ఉండాల్సిన చోట మాత్రం భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత. ఫోన్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. లాప్‌టాప్‌కి మాత్రం లోకంలో వై-ఫై అనేదే ఉన్నట్టు తెలీదు.

ఆపి మళ్ళీ వేసింది. అదే భూగోళం. విమానం గుర్తు ఉన్న మీట నొక్కి చూసింది, తీసి చూసింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది. వై-ఫై భాగమే పనిచెయ్యనప్పుడు హాట్‌స్పాట్‌ని మాత్రం ఏం చూస్తుంది?

"ఏటయిందే?" అన్నాడు కాసులు.

"నెట్ రాలేదయ్యా."

"రాత్రి సూసుకోమన్నాను కదే!"

"సూసుకోబట్టే ఇలా అయింది!" అంది అమ్ములు, ఏడుపు ఆపుకుంటూ.

బరంపురం వెళ్ళి ఏ నెట్ సెంటర్‌లోనో కూర్చుందామంటే బస్సు కాస్తా వెళ్ళిపోయింది. ఇంకో బస్సు పట్టుకునేసరికి పది దాటిపోతుంది. బరంపురం శివారు హల్దియాపదర్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే ప్రకాష్‌కి ఫోన్ చేసింది. డిగ్రీలో ఇద్దరూ ఒకే క్లాసు.

"డివైస్ మేనేజర్ తెరు," అన్నాడు ప్రకాష్. "నెట్‌వర్క్ అడాప్టర్లని ఉంటాది, అందులో ఏటి కనిపిస్తంది?"

"వైర్‌లెస్ అని ఉంది. పక్కన పసుపు రంగు గుర్తు."

"డ్రైవర్ పోనాది. వై-ఫైని నడిపే సాఫ్ట్‌వేర్ అదే. కొత్త సిస్టమ్‌కి నీ పాత డ్రైవర్ నచ్చలేదు. రోల్ బ్యాక్ అనుంటాది, నొక్కు."

"నొక్కనివ్వట్లేదు. మసక మసగ్గా ఉంది."

"అయితే అన్‌ఇన్‌స్టాల్ సేసి, ఆపి, మళ్ళీ ఎయ్యి. దానంతట అదే తెచ్చుకుంటాది."

తీసేసింది. ఆపి మళ్ళీ వేసింది. కాసులు తెర మీద తిరుగుతున్న చుక్కల వైపు చూస్తూ దేవుడికి మొక్కుతున్నాడు. చుక్కలు ఆగాయి. పసుపు గుర్తు అలాగే ఉంది, దాని పక్కన ఇంకోటి కూడా పుట్టింది. స్పీకర్ బొమ్మ మీద.

"నెట్‌వర్క్ రీసెట్ కూడా సేసెయ్యి," అన్నాడు ప్రకాష్. ఈసారి అతని గొంతులోనూ ధీమా లేదు. అదీ చేసింది. ఏమీ మారలేదు.

"కొత్త డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, అమ్ములూ."

"నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఓలమ్మో, నేనేటి సెయ్యనురా!"

"ఆగు, ఆగు. కేబుల్‌తో ఫోన్‌ని లాప్‌టాప్‌కి తగిలించు. ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ సెయ్యి. దానికి వై-ఫైతో పనిలేదు, వైరులోంచే నెట్ వచ్చేస్తాది."

అమ్ములు ఛార్జర్ వైరు పీకి తగిలించింది. ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతోందే గానీ, ప్రకాష్ చెప్పిన మీట నొక్కుదామంటే పడటం లేదు. సంతలో కొన్న వైరది. కరెంటు తప్ప ఇంకేదీ మొయ్యదు.

"ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన వైరు ఎవరి దగ్గరైనా ఉంటే తే," అన్నాడు ప్రకాష్. "నువ్వు ఏటి సెప్పినా సేస్తాను గానీ, వైరు మాత్రం ఇక్కణ్ణుంచి పంపలేను."

అంతసేపూ గోడ వారన ముడుచుకుని కూర్చున్న జగ్గమ్మ నోరు తెరిచింది. "నానొక్క కేకెయ్యనా?"

"వద్దు!" అని తండ్రీ కూతురూ ఒకేసారి అరిచారు.

కాసులు వైరు కోసం వీధిలోకి పరిగెత్తాడు. అడగని ఇల్లు లేదు. చివరికి అతని వెనకాలే, తల దించుకుని, చేతిలో తెల్లటి వైరుతో ఒకడొచ్చాడు. మసేను.

అమిత్ నేస్తం. వాడు ఈ ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో. అమిత్ వేళ్ళు తాళ్ళు లాగి లాగి అరిగిపోయి, వేలిముద్రల మిషను వాటిని తీసుకోలేదు. గుర్తింపు కార్డు రాలేదు. కార్డు లేనివాణ్ణి బోటు ఎక్కించుకోరు. ఆ వారం మసేనుకి జ్వరం. కార్డు ఇచ్చి, "నా బదులు ఎల్లరా" అన్నాడు. ఆ ఒడ్డున చొక్కా అరువిచ్చినంత మామూలు పని అది. పట్టుబడ్డాక బోటులో పెద్దవాళ్ళు అమిత్‌ని భయపెట్టినట్టున్నారు, కార్డు మీది పేరే చెప్పు, లేకపోతే గూఢచారి అనుకుంటారని. అంచేత అక్కడి కాగితాల్లో అమిత్ లేడు, మసేను ఉన్నాడు. అసలు మసేను మాత్రం, ఈ సంగతి బయటపడితే తన మీద ఏ కేసు పడుతుందో అని ఇంట్లోనే దాక్కున్నాడు.

"వైరు పనికొస్తాదేమో సూడు," అని అమ్ములు చేతిలో పెట్టాడు. వెళ్ళిపోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

వైరు తగిలించింది. ఫోన్లో మీట నొక్కింది. ఈసారి పడింది. భూగోళం మాయమై దాని చోట చిన్న కంప్యూటర్ బొమ్మ వచ్చింది. "వచ్చిందిరా ప్రకాష్!" అని ఒక్క కేక పెట్టి, ఫోన్ పెట్టేసి, లింకు తెరిచింది. పది అప్పటికే దాటిపోయింది.

తెర మీద మూడు గళ్ళు. ఒకదాంట్లో ఆఫీసు మేడమ్. ఇంకోదాంట్లో తమ మొహాలే. మూడోదాంట్లో ఒక గది, బల్ల మీద వరసగా కూర్చున్న మనుషులు, తలుపు దగ్గర తుపాకులతో సిపాయిలు. అందరికీ గుండు, అందరికీ గడ్డం. ఎండకి మాడి, బక్కచిక్కి, అందరూ ఒక్కలాగే ఉన్నారు.

"చివర్నుంచి మూడోవోడు!" అన్నాడు కాసులు, వేలు తెరకి ఆనించి. "ఆడే నా కొడుకు!"

మేడమ్ పెదాలు కదులుతున్నాయి. మాట రావడం లేదు. అమ్ములు గట్టిగా మాట్లాడింది. మేడమ్ చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. కొత్త సిస్టమ్ వై-ఫైతో పాటు శబ్దాన్నీ మింగేసింది. ప్రకాష్‌కి ఫోన్ చేద్దామంటే, ఆ ఫోన్ తీసి కదిపితే ఉన్న నెట్టూ పోతుందేమోనని భయం. ఆఖరికి పక్కనున్న చాట్ డబ్బాలో రాసుకోవడం మొదలుపెట్టారు.

"చివర్నుంచి మూడో మనిషి మా అన్న అమిత్," అని రాసింది అమ్ములు.

జవాబు వచ్చింది. "అతను మసేను అంటున్నాడు. కాగితాల్లోనూ అదే ఉంది."

అమ్ములు ఆ మాట పైకి చదివింది. కాసులు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. అప్పుడు గుమ్మంలో ఉన్న మసేను లోపలికొచ్చి, లాప్‌టాప్ ముందు చతికిలబడి, మొహం తెరకేసి పెట్టాడు.

"రాసెయ్యే, అమ్ములూ. మసేనుని నానే. కార్డు నాదే. దాని మీద ఫొటో సూసుకోమను. ఏ కేసైనా ఎట్టుకోమను." మొహం మాత్రం తెర మీంచి పక్కకి తిప్పలేదు.

మేడమ్ కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మసేనునీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. చాలాసేపయ్యాక రాసింది. "సరే, అతను మసేను కాదు. అమిత్ అని మీరంటున్నారు, అతను అనాలి కదా. అడిగితే భయపడి మళ్ళీ మసేను అనే అంటున్నాడు. మీ గొంతు వినిపిస్తే చెబుతాడేమో. శబ్దం రావడం లేదు. నాకు ఇంకా చూడాల్సినవాళ్ళున్నారు."

అమిత్ అటు నేలకేసి చూస్తున్నాడు. అతని ముందున్న తెర మీద వీళ్ళ మొహాలు కనిపిస్తున్నాయో లేదో కూడా తెలీదు. కనిపించినా, ఏ మొహం చూపించి ఏ ఉచ్చు వేస్తున్నారో అని భయపడే మనిషిలా ఉన్నాడు.

మేడమ్ చెయ్యి పక్క కాగితం మీదికి వెళ్తోంది. అమ్ములు తిరిగి నాయనమ్మ వైపు చూసింది. తుపాకులు కళ్ళ ముందే కనిపిస్తున్నాయి. పిలవకపోతే ఓడ పోతుంది. పిలిస్తే ఏం పోతుందో.

"నాయనమ్మా," అంది. "పిలిసెయ్యి."

కాసులు కూతురి భుజం పట్టుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

జగ్గమ్మ లేచి గుమ్మంలోకి నడిచింది. నడుం మీద చెయ్యేసుకుంది. ఇన్ని నెలలుగా మింగిన పేరంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఒరే అమితూ! బువ్వకి రారా, నాయినా!"

తెర మీద చివర్నుంచి మూడోవాడు తలెత్తాడు. పక్కవాళ్ళెవరూ ఎత్తలేదు. బల్ల మీంచి లేచాడు. తలుపుకేసి నడవడం మొదలుపెట్టాడు. సిపాయి తుపాకీ అడ్డం పెట్టాడు. అమిత్ ఛాతీకి తగిలింది, అయినా ముందుకే తోసుకుంటున్నాడు.

"ఆగరా! ఆగరా అన్నా!" అమ్ములు తెర పట్టుకుని అరుస్తోంది. ఆ అరుపు అక్కడికి ఎక్కడ వెళ్తుంది? మేడమ్ లేచి నిలబడి, చెయ్యెత్తి, అటువాళ్ళతో గబగబా ఏదో అంటోంది. సిపాయి తుపాకీ దించాడు. ఇంకో ఆఫీసరు అమిత్ దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తూ ఏదో అడిగాడు. అమిత్ నోరు కదిలింది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

మేడమ్ కూర్చుంది. రాయడం మొదలుపెట్టింది. అమ్ములు ఒక్కో మాటే పైకి చదివింది, మధ్య మధ్య చీదుకుంటూ.

"ఎక్కడికని అడిగితే, మా నాయనమ్మ బువ్వకి పిలిచింది అంటున్నాడు. ఆవిడ పేరు జగ్గమ్మట. తండ్రి కాసులు, ఊరు సోనేపూర్. తన పేరు అమిత్ అన్నాడు. ఓడ జాబితాలో రాశాను."

కాసులు నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. మసేను అతని వీపు నిమురుతూ తనూ ఏడ్చాడు. ఇంకో మాట వచ్చింది తెర మీద.

"ఓడ కదిలేదాకా దయచేసి ఇతన్ని మళ్ళీ పిలవొద్దని ఆవిడకి చెప్పండి. ఇక్కడ సిపాయిలు చాలరు."

"అలాగే, పిలవను," అంది జగ్గమ్మ గుమ్మంలోంచి. "ఆ ఓడోళ్ళనే బేగి రమ్మను."

మూడో గడిలో ఇద్దరు సిపాయిలు అమిత్‌ని చెరో రెక్కా పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్తున్నారు. పెద్దగా కోపంగా కూడా లేరు. అతనూ తిరగబడటం లేదు, మొహం నవ్వుతోంది. కాళ్ళు మాత్రం తలుపు వైపే నడుస్తున్నాయి.