చెలమ దాటిన సున్నపు గీత

గునపం తెచ్చి కాంతమ్మ చేతిలో పెట్టింది బర్నబాస్ పాస్టరే.

"ఈ పోలేరమ్మ రాయి మీ దరిద్రానికి వేరు. పెకిలించు తల్లీ! ఏడాది తిరిగేసరికి నీ పాక మేడవుతుంది. ప్రభువు వాగ్దానం!"

పక్కనే వేసిన ప్రార్థన గుడారంలో హల్లెలూయాలు మోగాయి. ఆ గుడారం ఎవరు వేయించారో అడగండి. రొయ్యల చెరువుల జగన్నాథరావు. తొంభై మూడు ఎండాకాలమది. అడవులదీవి చుట్టుపక్కల పొలమన్నది చెరువైపోతున్న కాలం.

ఉప్పునేల మధ్య ఆ పల్లెకు తీపినీళ్లిచ్చేది ఒక్క ఇసుక చెలమ. దాని ఒడ్డునే రాయి. తొలి ముంత రాయిమీద పోసి, ఆ తర్వాతే బిందె ముంచడం తాతలనాటి వాడుక. బాప్తిస్మం తీసుకున్నాక కాంతమ్మ ఆ ముంత మానేసింది. అత్త పేరమ్మ ఆమెతో మాటే మానేసింది.

జగన్నాథరావు పొక్లెయిను పక్కన నిలబడి చూస్తున్నాడు. రాయిమీద తను చెయ్యి వేస్తే పల్లె తిరగబడుతుందని ఆయనకు తెలుసు. పల్లె వేలితో పల్లె కన్నే పొడిపించాలని ఆయన ఎత్తు.

పేరమ్మ రాయిని కావలించుకు కూర్చుంది. "పొడవ్వే, ముందు నన్ను పొడు! మేడెక్కి ఏం తాగుతావే, సముద్రమా?"

కాంతమ్మ మొహం మండింది. గునపం ఎత్తింది. అప్పుడు కనబడింది, చెరువు తవ్వకానికి జగన్నాథరావు మనుషులు పోసిన సున్నపు గీత. రాయి దగ్గర ఆగలేదది. చెలమను లోపలేసుకుని అవతలి పుంతదారిదాకా పోయింది.

"బాబుగారూ, తీసేది రాయే కదండీ? గీత చెలమ దాటిందేంటండీ?"

"చెలమెందుకే పిచ్చిదానా!" అన్నాడు జగన్నాథరావు. "మీ దేవుడు ఇంటింటికీ కుళాయి ఇస్తాడుగా!"

ఆమె పాస్టరువైపు తిరిగింది. "మీకు ముందే తెలుసా అయ్యగారూ?"

"విశ్వాసులు ప్రశ్నలడగరు తల్లీ."

"దాహమేస్తే నీళ్లడగడం అవిశ్వాసమాండీ? రొయ్యకి చెరువూ, మాకు వాగ్దానమూనా?"

గునపం విసిరేసి పేరమ్మ పక్కన కూలబడింది. "నేను రాయికి మొక్కను అత్తా."

"మొక్కొద్దులే. గట్టిగా కూర్చో."

గుడారం ఖాళీ అయింది. తెల్లచీరల విశ్వాసులూ, పసుపుమొహాల అమ్మవారి ఆడవాళ్లూ చెలమచుట్టూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. పొక్లెయిను గుర్రుమంది. ఒక్కరూ కదల్లేదు.

గంటలో పోలీసు జీపు దిగింది. "నాయకురాలెవరే?" అన్నాడు ఎస్సై.

అత్తాకోడళ్లు లేచారు. ఇద్దర్నీ జీపెక్కించారు. అంతలో వెనకనుంచి ఆడవాళ్లంతా ఎగబడ్డారు. ఒకామె బానెట్టే ఎక్కింది.

"దిగండి! జీపు పట్టదు!"

"అయితే లారీలు తెప్పించండి సార్," చక్రాల ముందు కాళ్లు చాపుకుంటూ అందొక ముసలమ్మ. "సగంమందిమి రేపల్లె టేసనుకొస్తాం. సగంమందిమి ఇక్కడే ఉంటాం."