వీపు మీది జిప్

చలికాలమంతా కొక్కేనికి వేలాడదీస్తే సముద్రంలో మునిగేటప్పుడు తొడుక్కునే, నీళ్లు చొరబడని డ్రైసూట్లు కుంచించుకుపోతాయని హాల్వార్ గట్టిగా నమ్మేవాడు. ప్రతి వసంతంలోనూ అదే తంతు. తను పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి నిలబడితే, స్నేహితుడు ఎయిలిఫ్ వెనక నుంచి మోకాలు ఆనించి, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా జిప్ లాగేవాడు. వీపు మీద జిప్ ఉన్న సూట్‌ను ఎవరూ తమంతట తాము మూసుకోలేరు. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ డైవింగ్ క్లబ్బులో హాల్వార్ వీపు ఎయిలిఫ్ బాధ్యత, ఎయిలిఫ్ వీపు హాల్వార్ బాధ్యత. కుర్రతనం నుంచీ అంతే.

ఈ ఏడు జిప్ సగంలో ఆగింది. ఎయిలిఫ్ ఇంకాస్త గట్టిగా లాగాడు. పటుక్కున తెగింది.

“సూట్ కుంచించుకుపోయిందిరా,” అన్నాడు హాల్వార్.

“సూట్ ఎక్కడిదక్కడే ఉంది. నువ్వే ఊరావు. కాస్త వాఫిల్స్ తగ్గించు,” అన్నాడు ఎయిలిఫ్, క్లబ్బులో అందరికీ వినబడేలా.

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పెనం దగ్గర వాఫిల్స్ వేస్తున్న బోర్గిల్, అంటే హాల్వార్ సొంత పెళ్లాం. పొట్ట ఉండటం హాల్వార్‌కు అవమానం కాదు. అది ఎవరికీ కనబడటం లేదని ఇన్నేళ్లూ అనుకుంటూ తిరిగినందుకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న వాఫిల్ మాత్రం పూర్తిగా తిని, మూతి ముడుచుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

కొత్త సూట్ కొనక తప్పలేదు. కొట్టువాడు రెండు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకటి పాతదాని లాంటిదే, దళసరి నియోప్రీన్ రబ్బరుది. ఒంటికి వెచ్చగా ఉంటుంది, లోపలికి నీళ్లొచ్చినా వెచ్చదనం పూర్తిగా పోదు. కాకపోతే అది పైకి తేలుతుంది గనక మునగాలంటే నడుముకు బోలెడు సీసం కట్టుకోవాలి. జిప్ వీపు మీద. రెండోది పలచని పొరల సూట్. తేలిక, తొందరగా ఆరుతుంది. కానీ దానికి తనదంటూ వెచ్చదనం లేదు, లోపల తొడుక్కున్న ఉన్నిబట్టలే దిక్కు. అవి తడిశాయా, ఇక అంతే సంగతులు.

“మీకు చలి ఎక్కువా?” అడిగాడు కొట్టువాడు.

బాత్రూం నేల చల్లగా ఉందని మేజోళ్లతో స్నానానికి వెళ్లే మనిషి హాల్వార్. “అబ్బే,” అన్నాడు.

“అయితే ఈ పలచనిది చూడండి. జిప్ ముందువైపు, ఎడమ భుజం నుంచి కుడి తుంటి దాకా. ఎవరికి వారే వేసుకోవచ్చు.”

ఆ చివరి మాట తర్వాత కొట్టువాడు ఏం చెప్పాడో హాల్వార్‌కు ఎక్కలేదు. పలచనిదే కొన్నాడు.

ఇంట్లో దాని సుగుణాలన్నీ బోర్గిల్‌కు ఏకరువు పెట్టాడు. ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తూ అంతా విన్నది.

“ఎయిలిఫ్‌ను జిప్ వేయమని అడగడం ఇష్టం లేక కొన్నానని చెప్పవయ్యా, ఒక్క ముక్కలో అయిపోతుంది.”

“అదేం కాదు. దీనికైతే నడుముకు అంత బరువు అక్కర్లేదు.”

“నీ నడుముకున్న బరువు సీసం కాదులే.”

ఆ వారమంతా ఎయిలిఫ్ ఫోన్ చేయలేదు. హాల్వార్ కూడా చేయలేదు. ఆదివారం క్లబ్బు వాళ్లంతా జంటలు జంటలుగా స్కాలప్ గవ్వలు ఏరడానికి దిగే రోజు. ఎయిలిఫ్ ఇంకొకడి పక్కన దిగితే ఇక తనకు సముద్రంలో పని లేనట్టేనని హాల్వార్‌కు దిగులుగా ఉంది. అయినా ఫోన్ వైపు చూసి, సూట్ జిప్‌కు మైనం రాస్తూ కూర్చున్నాడు. ఇంత మొండివాడితో తానే వేగలేకపోతున్నాడు, పాపం బోర్గిల్ ఎలా వేగుతోందో.

ఆదివారం తక్కినవాళ్లు ముందే నీళ్లలోకి దిగిపోయారు. చెక్కరేవు మీద ఎయిలిఫ్ ఒక్కడే దళసరి సూట్‌లో నిలబడి ఉన్నాడు. బోర్గిల్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని బల్ల మీద కూర్చుంది. హాల్వార్ ఎయిలిఫ్‌కు ఎదురుగా వెళ్లి నిలబడి, ఛాతీ మీద జిప్‌ను భుజం నుంచి తుంటి దాకా ఠీవిగా లాగాడు.

“చివర ఒకసారి చూడనా?” అన్నాడు ఎయిలిఫ్.

“అక్కర్లేదు. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు.”

ఎయిలిఫ్ నీళ్ల వైపు తిరిగాడు. అతని వీపు మీద జిప్ తెరిచే ఉంది. హాల్వార్ అది చూశాడు. చేయి దానంతటదే లేవబోయింది కూడా. ‘అడగనీ,’ అనుకుని, గాలి సిలిండర్ వీపుకు తగిలించుకుని దూకేశాడు.

ఉన్ని బనీను అంచు జిప్ చివర ఇరుక్కుని, వేలెడంత సందు తెరిచే ఉండిపోయింది. ఆ సందులోంచి వసంతకాలపు ఫ్యోర్డ్ మొత్తం లోపలికి వచ్చిందనిపించింది హాల్వార్‌కు. తుంటి, తొడలు, పాదాలు. కేకపెడదామంటే ఊపిరి అందలేదు. ఎలాగో నిచ్చెన పట్టుకున్నాడు గానీ, పైకి లేవబోతే కాళ్ల నిండా నీళ్లు వెనక్కి గుంజాయి. వేళ్లు జారిపోతున్నాయి.

దబ్బున శబ్దమైంది. ఎయిలిఫ్ దూకాడు. వెనకనుంచి హాల్వార్ సిలిండర్ విప్పి పడేసి, పిరుదుల కింద భుజం పెట్టి ఎత్తాడు. పైనుంచి బోర్గిల్ కాలరు పట్టుకుని ఈడ్చింది. హాల్వార్ రేవు మీదికి బోర్లా పడ్డాడు. అతని పక్కనే ఎయిలిఫ్ వచ్చి పడ్డాడు. అతని వీపులోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

“కాళ్లు పైకెత్తండి ఇద్దరూ. నీళ్లు పోవాలి,” అంది బోర్గిల్. ఇద్దరు పెద్దమనుషులు వెల్లకిలా తిరిగి, కాళ్లు గాల్లోకి ఎత్తారు.

“నీ జిప్ తెరిచే ఉందిగా, ఎందుకు దూకావురా?” పళ్లు టకటకలాడుతుండగా అడిగాడు హాల్వార్.

“అది గుర్తే రాలేదు.”

“వేయమని నన్ను అడగొచ్చుగా.”

“నువ్వు అడిగావా? నన్ను అడగాల్సి వస్తుందని ఏకంగా కొత్త సూటే కొన్నావు.”

“అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావు మరి.”

ఎయిలిఫ్ గాల్లో ఉన్న తన బూట్ల వైపు చూశాడు. “నీ జిప్ తెంపింది నేనే కదా. ఏం అనాలో తోచక వాగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.”

హాల్వార్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లంతా నీళ్లే గనక అవి ఎవరూ పట్టించుకోలేదు.

“చలిగా ఉందా నీకు?” అడిగాడు.

“నాకేం? నాది దళసరిది. నువ్వు వణుకు.”

మరుసటి ఆదివారం అదే రేవు. ఎయిలిఫ్ అడక్కుండానే వెనక్కి తిరిగాడు. హాల్వార్ అతని జిప్ లాగి, చివర బొటనవేలితో తడిమి చూశాడు. తరువాత తన జిప్ వేసుకున్నాడు, ఎయిలిఫ్ వంగి తుంటి దగ్గర చూసి తలాడించాడు. అంతా అయింది. హాల్వార్ అలవాటు కొద్దీ పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

అక్కడ జిప్ లేదు. తన తెలివికి తానే సిగ్గుపడుతూ ముందుకు తిరగబోయాడు.

వీపుకు మోకాలు ఆనింది. ఎయిలిఫ్ చేయి ఈ భుజం నుంచి ఆ భుజం దాకా నెమ్మదిగా జరిగింది.

“వేశాను,” అన్నాడు ఎయిలిఫ్. “ఊపిరి వదులు.”