రేవులో ఆగిన బండి

జిల్లేడుగడ్డ చుట్టూ కృష్ణే. గద్వాల ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది గానీ, అక్కడికి కడతామన్న వంతెన స్తంభాల దగ్గరే ఆగిపోయింది. వాటి మీద కొంగలు వాలుతుంటాయి. మనుషులు దాటేది గుండ్రటి బుట్టలాంటి పుట్టి మీదే.

పొద్దున పదింటికి, ఆలుమగలు విత్తనపు పత్తి చేలో పూలకు పుప్పొడి అద్దుతుంటే రుక్కమ్మ పాదం మీద నాగుపాము కాటేసింది. ఆమె అరవలేదు. గట్టు మీద కూర్చుని, "ఏమయ్యా, జర ఇటు రా. పురుగు ముట్టింది," అని మొగుణ్ని పిలిచింది.

కురుమూర్తి దిబ్బ మీదికి పరిగెత్తాడు. గడ్డ మొత్తంలో ఫోను పలికేది ఆ దిబ్బ మీదే. అంబులెన్సుకు కొట్టాడు.

"యాడికి రావాలె?"

"రేవుకాడికి రాండ్రి సార్. గడ్డోళ్ల రేవంటే ఎవరైనా చెప్తరు."

నలభై నిమిషాల్లో వస్తామన్నారు. ఏటి మీద ఫోను పలకదు కాబట్టి దాన్ని తమ్ముడు తిరుపతయ్య చేతిలో పెట్టాడు. "డ్రైవరు చేస్తే మాట్లాడు. దిబ్బ దిగకు."

పైన ప్రాజెక్టు గేట్లెత్తి నాలుగు రోజులైంది. పుట్టి నడిపే భీమయ్య, కురుమూర్తి కలిసి పుట్టిని బోర్లించి నెత్తి మీద పెట్టుకున్నారు. ఒడ్డెంట ఎగువకు మోసుకుపోయి అక్కడ నీళ్లలో వేస్తేనే, వరద ఈడ్చుకుంటూ పోయి అవతలి ఒడ్డున వదులుతుంది. ఇద్దరు ఆడవాళ్లు రుక్కమ్మను మంచం మీద వెనకాలే మోసుకొచ్చారు.

"నన్ను మోసుడు కన్నా పుట్టిని మోసుడే అల్కగుందా?" అంది ఆమె. మాట అప్పటికే ముద్దగా వస్తోంది.

ఏటి నడుమకు వచ్చాక భీమయ్య తెడ్డు వేస్తూనే అడిగాడు. "అన్నా, బండిని యాడికి రమ్మన్నవ్?"

"రేవుకాడికి."

భీమయ్య తెడ్డు ఆపాడు. "గింత వరదల రేవు దొరుకుతదా? కింద తుమ్మచెట్లల్ల పడతం గదన్నా."

కురుమూర్తికి తెలియనిది కాదు. నలభై ఏళ్లుగా వరదల్లో పోయేటప్పుడు తుమ్మచెట్ల దగ్గర, వచ్చేటప్పుడు గడ్డ మీది ఈతచెట్ల దగ్గరే దిగుతున్నాడు. కానీ ఎవరైనా ఎక్కడికని అడిగితే నోటికొచ్చేది రేవే.

రేవులో తెల్లబండి నిలబడి ఉంది. పైన నీలం దీపం తిరుగుతోంది. పుట్టి దాని ముందు నుంచే కిందికి కొట్టుకుపోయింది. కురుమూర్తి తువ్వాల విప్పి కిందికి, కిందికి అని ఊపాడు. ఒడ్డున నిలబడ్డ డ్రైవరు కూడా చేయి ఊపాడు.

"వచ్చిందా బండి?" అంది రుక్కమ్మ. రెప్పలు వాలిపోతున్నాయి.

"వచ్చింది. గదిగో."

"గంత తొందరగనా," అంది. మళ్లీ మాట్లాడలేదు.

పుట్టి తుమ్మచెట్లలో ఒడ్డుకు తగిలింది. అక్కడికి, రేవుకు నడుమ వాగు పోటెత్తి ఉంది. బండి రావాలంటే ఊరంతా చుట్టుకుని రావాలి. కురుమూర్తి ఆమెను భుజాన వేసుకుని వాగు గట్టెంట మోకాలి లోతు బురదలో నడిచాడు. మొదట మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. తర్వాత తగల్లేదు. అయినా నడక ఆపలేదు.

డ్రైవరు జితేందర్, బండిలో పనిచేసే గీత స్ట్రెచర్ మోసుకుని వాగు చుట్టి ఎదురొచ్చారు. గీత చాలాసేపు ఛాతీ మీద నొక్కింది. చివరికి చేతులు తీసేసింది.

"పదీ యాభైకే రేవుల ఉన్నం పెద్దయ్యా," అన్నాడు జితేందర్. "మీ తమ్మునికి ఫోన్ చేస్తే ఏట్ల ఉన్నరన్నడు. మీరు చెయ్యి ఊపితే వస్తున్నమంటున్నరు అనుకున్న."

"మీరు టైముకే వచ్చిండ్రు బిడ్డా."

గీత కాగితం మీద బండి చేరిన టైము రాసి ఇచ్చింది. కురుమూర్తి సంతకం పెట్టాడు. వేళ్లకు పుప్పొడి ఇంకా పచ్చగా అంటుకునే ఉంది.

భీమయ్య పుట్టిని బోర్లించి నిలబడ్డాడు. తిరిగి గడ్డకు చేరాలంటే వాగు చుట్టి, రేవు దాటి, ఇంకా ఎగువకు మోయాలి. గీత ఊళ్లోకి పోయి మోయడానికి మనుషుల్ని పిలుచుకొస్తానంది.

జితేందర్ ఫోను మోగింది. తిరుపతయ్య. "సార్, మా వదిన బండి ఎక్కిందా?"

జితేందర్ ఫోను కురుమూర్తికి ఇచ్చాడు. కురుమూర్తి ఏటి అవతల దిబ్బ వైపు చూశాడు. మనిషి చీమంత కనిపిస్తున్నాడు.

"ఎక్కలేదు. గడ్డకే తోల్కొస్తున్నం. నువ్వు దిబ్బ దిగి..." అని ఆగాడు. నోటిదాకా వచ్చిన రేవును మింగాడు. "కింద ఈతచెట్ల కాడికి రా. ఆడనే దిగుతం."