ఆరేళ్ళ చీటీ

కుంకుమ అంటుకుందేమోలే, పొద్దున్నే గడపకి బొట్లు పెట్టిన చెయ్యేగా, అనుకుంటూ సౌభాగ్యమ్మ బూడిద చేత్తోనే ఎడమచేతి గాజుని తిప్పి చూసుకుంది, కొంగు తడిపి రుద్దింది, కుంకుమైతే పోవాలి, పోలేదు సరికదా అతుకు దగ్గర ఇంకాస్త ఎరుపు బయటపడింది, ఓరి నాయనో, ఇది కుంకుమ కాదు, రాగి, బియ్యపుగింజంత రాగి, తోముతున్న పప్పుగిన్నె జారి నూతిపళ్ళెం మీద ఠంగుమంది, ఈ గాజులు చేతికెక్కి నిండా నెల కాలేదు, కుడిచేతి గాజులకి ఎనిమిదేళ్ళు, ఎన్ని గిన్నెలు తోమాయో ఎంత చెమట తాగాయో, ఇప్పటికీ పెళ్ళికూతురి చేతికి వేసి పంపొచ్చు, మరి ఇదేమిటి, చిలకలపూడిలో ఈ ఇంటి పేరు చెబితే బందరు బజారులో మారుమాట ఉండదు, గిల్టు నగలా అని ఎవరైనా అంటే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది, గిల్టంటే పైపూత అండీ, మాది రోల్డుగోల్డు, రాగి దిమ్మకి నిజం బంగారం రేకు చుట్టి కొలిమిలో ఏకం చేసి అప్పుడు సాగదీస్తాం, ఎంత సన్నంగా లాగినా బంగారం రాగిని వదలదు, మొగుడూ పెళ్ళాంలాగా, అనేవాడు, అని తనకేసి చూసి నవ్వేవాడు, ఆ మనిషి పోయి నాలుగేళ్ళయినా ఆయన పెట్టిన ఆచారం పోలేదు, కొత్త దిమ్మలో మొదటి జత గాజులు బజారుకి వెళ్ళవు, ఈ ఇంటి ఇల్లాలి చేతికెక్కుతాయి, బూడిదా చింతపండూ ఉప్పూ చెమటా అన్నీ తిని నెల్లాళ్ళు నిలబడితేనే ఆ దిమ్మ సరుకు డబ్బాలకెక్కుతుంది, ఆరేళ్ళ గ్యారంటీ చీటీ మీద సంతకం పడుతుంది, ఇప్పుడా సంతకం తనదే, నగలు చేసే ఇంట్లో నీకు నిజం బంగారం గాజు ఒక్కటి లేదేమే అని చుట్టాలు ఎగతాళి చేస్తారు, చేసుకోనీ, బందరు నుంచి కోడూరు దాకా ఎంతమంది ఆడవాళ్ళ నమ్మకం తన రెండు చేతుల మీదుగా వెళ్ళిందో వాళ్ళకేం తెలుసు.

మరి ఈ దిమ్మకేమొచ్చింది, ఏమొచ్చిందో తనకి తెలియదా, తెలుసు, తెలిసీ ఒప్పుకోవడం లేదు, జూలై మొదట్లో రూపాయి విలువ తగ్గించారని పేపర్లో పడింది, మూడు రోజుల్లో రెండుసార్లు, ఎదురింటి వెంకటపతి మాస్టారు అరుగు మీద కూర్చుని చదివి చెప్పారు, ఇరవై ఒక్క రూపాయికి వచ్చే డాలరు ఇప్పుడు ఇరవై ఆరు సౌభాగ్యమ్మా, అయితే మనకేంటండీ మాస్టారూ, మనమేమన్నా డాలర్లు వండుకు తింటున్నామా అని తను నవ్వింది, ఆయన నవ్వలేదు, మీ రాగి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు, ఓడల్లో వస్తుంది, ఓడవాడికి డాలర్లే పొయ్యాలి, వాడి రాగి వాడి దగ్గర అలాగే ఉందమ్మా, మన రూపాయే చిక్కిపోయింది అన్నారు, ఆ మాట అర్థం కావడానికి వారం కూడా పట్టలేదు, రాగి పెరిగింది, బంగారం కాసుకి రెండొందల పైన పెరిగింది, గ్యాసు బండ పెరిగింది, యూరియా పెరిగింది, యూరియా పెరిగితే పమిడిముక్కల రైతు నాట్లు వేయించాక పెళ్ళానికి గాజులు కొనే ఊసే ఎత్తడు, ఢిల్లీలో ఎవరో సంతకం పెడితే చిలకలపూడిలో తీగ లాగే చేతులు ఆగిపోయాయి, దేశం బంగారం విమానంలో పంపి తాకట్టు పెట్టారని కూడా మాస్టారే చదివారు, ఆ రోజు, చెప్పుకుంటే పాపం గానీ, తనకి లోలోపల కాస్త మిడిసిపాటు కూడా కలిగింది, దేశానికే బంగారం లేనప్పుడు శ్రావణమాసంలో ఆడవాళ్ళ చేతుల పరువు కాపాడేది మా చిలకలపూడేగా అనుకుంది, ఆ ధీమాతోనే గుడివాడ ఫ్యాన్సీ షాపు పిచ్చేశ్వరరావు గారికి మూడొందల జతలు పాత ధరకే, జత నలభైకే, ఇస్తానని మాట ఇచ్చింది, ఎల్లుండి నుంచి శ్రావణం, ఆయన ఇవాళే పదింటి పాసింజరుకి దిగుతాడు, శ్రావణం తొందరలో నెల నిండకుండానే వంద జతలు అప్పుడే డబ్బాల్లో సర్ది ఉన్నాయి, ఈ దిమ్మ సరుకే.

చేతులు కడుక్కుని కొలిమిగదిలోకి వెళ్ళింది, మరిది ఆదినారాయణ బొగ్గులు ఎగదోస్తున్నాడు, మూలగా పాలిష్ చేసే రత్నం కుంకుడు రసంలో గాజులు వేసి బ్రష్షుతో రుద్దుతోంది, సౌభాగ్యమ్మ ఎడమచెయ్యి మరిది ముందు పెట్టింది, అతను చూశాడు, తల దించాడు, బొగ్గులు చిటపటమన్నాయి, రేకు ఎంత పలచన చేశావు, పావు వంతే వేశాను వదినా, పావు వంతా, ముప్పావు కోసేశావా, మరేం చెయ్యమంటావు నువ్వు నలభైకే ఒప్పుకున్నావు, పూర్తి రేకు వేస్తే జతకి ఏడు రూపాయలు మన చేతి నుంచి పడతాయి, మూడొందల జతలకి లెక్క చూసుకో, కొలిమి మీద నాలుగు కుటుంబాలున్నాయి, రెండేళ్ళయినా నిలుస్తుందనుకున్నాను, అయినా ఊరంతా చేస్తున్నదే, గవర్నమెంటే రూపాయిని తగ్గించగా లేనిది నేను రేకు తగ్గిస్తే తప్పొచ్చిందా అన్నాడు గొంతు పెంచి, ఆ మాటకి తనకి ఒళ్ళు మండింది, గవర్నమెంటు పేపర్లో వేసి మరీ తగ్గించింది నాయనా, నువ్వు ఇంట్లో ఉన్న వదినక్కూడా చెప్పకుండా తగ్గించావు, అంది, అనేశాక అతని మొహం చూస్తే జాలేసింది, తప్పు తనదీ ఉంది, తమలపాకుల్లో వక్క పెట్టి ధర మాట ఇచ్చేస్తే సరుకు చేరేదాకా మార్చకూడదన్నది బంగారం నిలకడగా ఉన్న రోజుల మాట, ఈ రోజుల్లో రూపాయి తెల్లారేసరికి ఎలా ఉంటుందో తెలియకుండా నెల ముందే ఆకులు మార్చుకోవడమేమిటి, తెలివితక్కువది కాకపోతే, అయితే ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులా కదిలింది, మోసమే చెయ్యదల్చుకున్నవాడు ఆ మొదటి జత తెచ్చి నా చేతికెందుకు ఇచ్చాడు, పాత దిమ్మ గాజులు రెండు తెచ్చి ఇవే కొత్తవంటే తను కనిపెట్టేదా, కనిపెట్టేది కాదు, అడిగింది కూడా, ఆదినారాయణ బొగ్గుల వైపు తిరిగి, మొదటి జత నీకే ఇవ్వాలి కదా వదినా అన్నాడు, అంతే, అదొక్కటే అన్నాడు, పిచ్చి సన్నాసి, దొంగతనం చేస్తూ కూడా ఇంటి ఆచారం తప్పలేకపోయాడు, తన తప్పుని తనే తెచ్చి తీర్పరి చేతికి తొడిగాడు, కోపం వస్తుండగానే కళ్ళు చెమర్చాయి, అన్న పెంచిన పెంపకం ఎక్కడికి పోతుంది.

పదింటి పాసింజరు కూత వినబడింది, చిలకలపూడి స్టేషన్ నుంచి ఇక్కడికి ఐదు నిమిషాల నడక, ఆ ఐదు నిమిషాల్లో తేల్చుకోవాలి, డబ్బాలు ఇచ్చేస్తే శ్రావణం గట్టెక్కుతుంది, ఇవ్వకపోతే కొలిమి చల్లారుతుంది, అడ్డపంచె సర్దుకుంటూ పిచ్చేశ్వరరావు గారు రానే వచ్చాడు, అక్కయ్యగారూ మంచినీళ్ళు, ఎండ చంపేస్తోంది, అంటూ బల్ల మీద కూర్చున్నాడు, కాఫీ ఇచ్చింది, ఇచ్చి విషయం చెప్పింది, దాచలేదు, గాజు చూపించింది, ఆయన చూసి పకపకా నవ్వాడు, ఓస్ ఇంతేనా, మొన్నొచ్చినప్పుడు మీ వీధిలో నాలుగిళ్ళు తిరిగి చూశాను, అందరి రేకూ అలాగే చిక్కింది, మీరు చీటీ మీద సంతకం పెట్టి ఇవ్వండి చాలు, మీ చీటీ ఉంటే అమ్ముడుపోతాయి, మరి ఏడాదికే రాగి తేలితే ఆ మనిషి ఎవరి దగ్గరికి వస్తుందండీ అంది తను, ఎక్కడి మనిషి ఎక్కడికొస్తుందండీ, ఆరేళ్ళ నాటికి చీటీ ఎక్కడుంటుంది, ఎలకలు కొట్టేస్తాయి, అన్నాడు ఆయన సాసర్లో కాఫీ ఊదుకుంటూ, వస్తుంది, ఎందుకు రాదు, డెబ్బై ఏడు ఉప్పెన వెళ్ళిన మూడో నెలలో కోడూరు వైపు నుంచి ఒకావిడ రాలేదూ, గోడ కూలిన ఇంట్లో బురద తవ్వితే దొరికిన గొలుసు, కొక్కెం దగ్గర నల్లబడింది, ఇల్లు లేదు, మనుషులు ఎందరు మిగిలారో అడగడానికి నోరు రాలేదు, చీటీ కొట్టుకుపోయిందండీ, మీ గొలుసే, కొని నాలుగేళ్ళండీ, అని చేతులు కట్టుకు నిలబడింది, తప్పు చేసినదానిలాగా, అప్పుడు తన భర్త ఆ గొలుసు చేతిలోకి తీసుకుని చీటీ ఎందుకమ్మా, నా పని నేను పోల్చుకోలేనా అని కొత్త గొలుసు మెడలో వేయించి, భోజనం పెట్టించి మరీ బస్సెక్కించాడు, నిజం బంగారం కొనగలిగినవాళ్ళు డాలరు పెరిగితే రెండు కాసులు తక్కువ కొంటారు, అంతే, మన దగ్గరికి వచ్చేది ఆ ఒక్క గొలుసూ పోతే మెడ బోసిగా ఉండేవాళ్ళు, డాలరు బరువు తిరిగి తిరిగి చివరికి ఆ మెడ మీద పడుతుంది, అక్కడ కూడా మోసం చేస్తే ఇంక వాళ్ళకి దిక్కెవరు.

పిచ్చేశ్వరరావు గారూ, ఒక్క మాట, నలభై అన్నది నా నోటి మాట, దాన్ని తప్పను, పూర్తి రేకుతో వంద జతలు ఆ ధరకే ఇస్తాను, నష్టం నాది, వారం ఆగాలి, మిగతా రెండొందల జతలు నలభై ఏడైతేనే, లేదంటే ఇదిగో ఈ డబ్బాల్లోవి జత ఇరవైకి తీసుకెళ్ళండి, బూడిదా చింతపండూ తగలకుండా వాడితే ఏడాది నిలుస్తాయి, కానీ చీటీ మీద ఆ ఏడాది అనే రాస్తాను, అంది, నోట్లోంచి వచ్చాక తనకే ఆశ్చర్యమేసింది, ఎప్పుడు ఆలోచించింది ఇదంతా, ఆయన మొహం మాడ్చుకున్నాడు, ఏడాది చీటీ నా షాపులో పెడితే ఈగ కూడా వాలదండీ, వారం ఆగితే వరలక్ష్మీ వ్రతం నెత్తి మీదికొస్తుంది, ఇంత బెట్టు పనికిరాదక్కయ్యగారూ, పేరు కూడు పెట్టదు, అని లేచాడు, ఆదినారాయణ కొలిమి దగ్గర్నుంచి తనకేసే చూస్తున్నాడు, వద్దు వదినా పోనివ్వకు అన్నట్టు, పోనీ అనేస్తే, ఒక్క సంతకం, ఒక్క శ్రావణం, అంతేగా, ఢిల్లీ వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు, ఒక్కసారికేగా అని, ఆయన గుమ్మం దాటాడు, చెప్పులేసుకున్నాడు, చెప్పులేసుకుని ఆగాడు, ఆ నలభై వంద జతలూ నాకే ఉంచండి, మా ఇంట్లో ఆడవాళ్ళు వేరే సరుకు ముట్టుకోరు, చావొచ్చి పడింది, మిగతా రెండొందలూ పక్కవీధిలో తీసుకుంటాను, అని చిరాగ్గా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు, నష్టం వచ్చే వందకే బేరం తెగింది, నష్టం లేని రెండొందలూ పక్కవీధికి నడిచిపోయాయి.

ఈ శ్రావణానికి సగం పనే ఆదినారాయణా, సగం జీతాలే, అందరికన్నా ముందు నాకు సగం, అని చెప్పింది, అతను ఊఁ అన్నాడు, రత్నం బ్రష్షు కింద పెట్టి, అమ్మగారూ ఆ డబ్బాల్లోవి ఇరవైకేనా, నాకో జత ఇవ్వండి, మా ఆడపడుచుకో జత, అంది, ఏడాదే నిలుస్తాయే రత్నం, అంతే, చూసుకో మరి, అంటే ఆ పిల్ల నవ్వింది, ఏడాదని తెలిస్తే ఏడాదికి తగ్గట్టే వాడుకుంటామండీ, గిన్నెలు తోమేటప్పుడు తీసి గూట్లో పెడతాం, ఆరేళ్ళని నమ్మించి పేరంటంలో పదిమంది ముందు రాగి చూపిస్తే కదా కడుపు మండేది, అంది, పలక పట్టుకోని పిల్ల, మాస్టారు పేపరు చదివి చెప్పినదానికన్నా బాగా చెప్పింది, మా పేటలో పాతిక జతలు నేనే అమ్మిపెడతా, ముందు చీటీ మీద ఏడాదని రాసివ్వండి అని కూడా అంది, ఆదినారాయణ అప్పటికే లేచాడు, ఎవరూ చెప్పకుండానే ఇనప్పెట్టె తీసి బంగారం తూచాడు, తూచి తక్కెడ ఆమె వైపు తిప్పాడు, చూడు వదినా అన్నట్టు, నాలుగేళ్ళుగా అతనెప్పుడూ అలా తిప్పలేదు, ఆమె చూసింది, పూర్తి రేకు, గురిగింజ ఎత్తు కూడా తక్కువ లేదు, సౌభాగ్యమ్మ కళ్ళజోడు పెట్టుకుని చీటీల కట్ట ముందేసుకుంది, ఆరు అని అచ్చువేసిన చోట కొట్టేసి ఒకటి అని రాసి కింద సంతకం పెట్టింది, ఇంకోటి, ఇంకోటి, సిగ్గు వెయ్యలేదు, సిగ్గెందుకు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాగా, రేపు డాలరు ఇరవై ఆరు అవుతుందో ముప్ఫై ఆరు అవుతుందో, రాగి ఏ ఓడలో ఏ ధరకి వస్తుందో, రైతు చేతిలో ఎంత మిగులుతుందో, ఏదీ తన చేతుల్లో లేదు, రూపాయి విలువ తగ్గించడానికి తననెవరూ అడగలేదు, అడగరు, కానీ ఈ ఇంటి పేరు విలువ తగ్గించాలంటే మాత్రం ఢిల్లీలో ఎవడి తరమూ కాదు, దానికి సంతకం పెట్టగలిగింది లోకంలో తనొక్కతే, ఇవాళ ఎంత అడిగినా తను ఆ సంతకం పెట్టలేదు.