జీడిపప్పు చుక్కలు

తెనాలిలో పురుగుమందుల షాపు నడిపే చలపతిరావు అనుమానంలో ఎవరికీ తీసిపోడు. పాలవాడు నీళ్ళు కలిపితే ఎవరైనా అడుగుతారు. కలపని రోజున ఎందుకు కలపలేదని నిలదీసింది ఊరు మొత్తమ్మీద ఆయనొక్కడే. మధ్యాహ్నం తన నీడ పొట్టిగా పడితే మిగతాది ఎవరు కోసుకుపోయారా అని వెనక్కి తిరిగి చూసే మనిషి.

అలాంటి మనిషి కన్ను ఒక ఫెర్న్ కుండీ మీద పడింది.

ఆ మొక్క ఆయన భార్య ప్రమీలారాణిది. కొల్లూరులో వాళ్ళమ్మ పెంచింది, అమ్మ పోయాక ఈమె తెచ్చుకుంది. కిందటి నెల అరుణాచలం వెళ్తూ కుండీని రేపల్లెలో చెల్లెలు సరోజ ఇంట్లో ఉంచారు. తిరిగి తెచ్చుకున్న పూటే చలపతిరావు ముక్కు అదిరింది.

“ఇది మన మొక్క కాదే. మీ మరిది సాంబశివరావు మార్చేశాడు.”

“ఏ ఫెర్నయినా ఒకటేగా అండీ,” అంది ప్రమీలారాణి కూర కలుపుతూ. కింద పొయ్యి వెలగడం లేదు.

ఆదివారం సరోజ వాళ్ళ గృహప్రవేశం. బంధువులందరి ముందు తోడల్లుణ్ణి నిలబెట్టి కడిగేస్తానని చలపతిరావు ప్రకటించాడు. అదే జరిగితే అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఒకరి గడప ఒకరు తొక్కరు.

“ముందు సాక్ష్యం ఉండాలిగా,” అంది ప్రమీలారాణి.

సాక్ష్యం బాపట్లలో ఉంది. ఆయన తమ్ముడి కూతురు తనూజ అక్కడ కాలేజీలో మొక్కల పాఠాలు చెబుతుంది. భార్యని వెంటబెట్టుకుని రైలెక్కి, కుండీని కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను కాపలాగా నిలబడ్డాడు. నిడుబ్రోలులో ఎక్కినావిడ “కుండీ కొంచెం జరపండి బాబాయిగారూ” అంటే, కింది నుంచి పైదాకా చూసి “మీది రేపల్లేనా అమ్మా?” అని అడిగాడు.

తనూజ ఆకు తిప్పి చూసింది. “పాత మొక్క ఎలా ఉండేది పెదనాన్నా?”

“రెమ్మకి ఆకులు ఒకదాని మీదొకటి ఎక్కి, పండగ రోజు బస్సులో జనంలాగా ఉండేవమ్మా. దీనికి చూడు, పరీక్ష హాల్లో పిల్లల్లాగా ఎడం ఎడంగా కూర్చున్నాయి.”

“వేళ్ళకి దుంపలుండేవా?”

“గోళీకాయలంతవి. కుండీ మార్చినప్పుడు చూశా.”

తనూజ మట్టి కదిపింది. వేళ్ళు దారప్పోగుల్లా ఉన్నాయి, దుంప అన్నది లేదు.

“మరి ఆకు కింద చుక్కలు?”

“వేటపాలెం జీడిపప్పులాగా వంపు తిరిగి ఉండేవి. దీనివి గుండ్రం.”

“అయితే ఇవి రెండూ దగ్గర చుట్టాలే కానీ, ఒకటి కాదు. మొక్క మారింది.”

చలపతిరావు మొహం సంక్రాంతి ముగ్గులా విచ్చుకుంది. తన నంబరైతే దొంగ ఎత్తడని భార్య ఫోను లాక్కుని రేపల్లెకి కలిపి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

అది మోగుతుండగా తనూజ అడిగింది. “అంత చిన్న చుక్కలు మీకంత బాగా ఎలా తెలుసు?”

“తెలియకేంటి? భూతద్దం పెట్టి చూసి మరీ కొట్టా. పురుగు గుడ్లమ్మా అవి! ఊరెళ్ళే ముందు రోజు, ఎకరం వరికి సరిపడే మందు ఆ ఒక్క కుండీకి దిగ్గొట్టా. వాటి వంశంలో ఏడు తరాలు లేవవు.”

“అవి గుడ్లు కావు పెదనాన్నా,” అంది తనూజ నెమ్మదిగా. “ఫెర్న్‌కి పువ్వుండదు, గింజుండదు. ఆ చుక్కల్లో పొడే దానికి విత్తనం.”

ప్రమీలారాణి కుండీ అంచుకంటిన మట్టిని గోరుతో గీకుతోంది.

ఫోన్లో సాంబశివరావు గొంతు పలికింది. “వదినా! మీకే చేద్దామనుకుంటున్నా. అన్నయ్య కొట్టిన మందుకి ఆకులు మాడినా దుంపలు బతికాయి. వేరే కుండీలో పెట్టా, చిగురేశాయి. అన్నయ్యకి ఇంకా తెలియదుగా? తెలియనివ్వకండి. మందుల వ్యాపారం చేసే మనిషి, నలుగురిలో చిన్నబోతాడు. మా మొక్క మీ దగ్గరే ఉండనివ్వండి.”

చలపతిరావు నోరు తెరుచుకుంది.

“వింటున్నారా వదినా? ఆదివారం అన్నయ్య లేకపోతే మాకు పాలు పొంగవు. కాకపోతే ఒక్క మాట. చేతులూపుకుంటూ రమ్మనండి. షాపు నుంచి మాత్రం ఏమీ తేవద్దని చెప్పండి.”

ప్రమీలారాణి భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అలాగే తమ్ముడూ,” అన్నాడు.

అవతల ఫోను చేతిలోంచి జారి కిందపడిన చప్పుడైంది.

తిరుగు రైల్లో కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పికట్ల దాటాక ఒక ఆకు తిరగేశాడు. గుండ్రటి చుక్కలు వరసగా ఉన్నాయి. చెయ్యి దానంతటదే జేబులో భూతద్దం దగ్గరికి వెళ్ళింది.

ప్రమీలారాణి దగ్గింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

“ఊరికేనే,” అన్నాడు చలపతిరావు. “కులాసాగా ఉన్నాయా అని.”